అడక్కుండా కలిసిన పేర్లు

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఒక పాత మేడ. కింద మాలిక్ జిరాక్స్ షాపు, పైన నస్రత్ నెట్ సెంటర్. బైండింగులు, స్పైరల్ పుస్తకాలు భర్త చూసుకునేవాడు. కంప్యూటర్లు, ప్రింటరు, వచ్చేపోయే కోచింగ్ పిల్లలు భార్య పూచీ. వెనకవైపు రెండు గదుల్లో వాళ్ల కాపురం. కరెంటు పోకుండా, నెట్ ఆగకుండా ఉంటే నస్రత్‌కి అది మంచి రోజు. అలాంటి మంచి రోజులు ఆమెకు తరచుగానే వచ్చేవి.

రెండువేల తొమ్మిది నాటికి హాల్ టిక్కెట్ల కోసం వచ్చేవాళ్లకంటే ఆర్కుట్ కోసం వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. నస్రత్ కూడా పొద్దున్నే షట్టర్ తీసి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎవరూ రాకముందే ఆర్కుట్ తెరిచేది. అందులో ప్రత్తిపాడు ఊరు ఊరంతా ఉన్నట్టుండేది. హైస్కూల్లో తనతో చదివినవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, తన తండ్రి బుడాన్ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ల పిల్లలు, అందరూ. పెళ్లి చేసుకుని గుంటూరు వచ్చేశాక ఊరు దూరమైందన్న బెంగ ఆమెకు ఆర్కుట్‌తో చాలావరకు తీరిపోయింది.

ఆమెకు ఇంకోచోట కూడా అకౌంట్ ఉంది. అది ఫోటోలు పెట్టుకునే ఒక చిన్న వెబ్‌సైటు. అక్కడ ఆమెకు ఉన్నది అయిదారుగురే. నిజానికి ఆ అకౌంట్ ఒక్క మనిషి కోసమే తెరిచింది. ఆ మనిషి శివపార్వతి.

శివపార్వతిది కూడా ప్రత్తిపాడే. బుల్లయ్య కూతురు. మిరప, పత్తి వేసే పెద్ద రైతు బుల్లయ్య. నస్రత్, శివపార్వతి డిగ్రీ మూడేళ్లూ ఒకే బస్సులో గుంటూరు వచ్చి, ఒకే బస్సులో ఇంటికెళ్లారు. చివరి సంవత్సరంలో శివపార్వతి ఇమ్మానియేలును ఇష్టపడింది. అతను బి.ఇడి. చదువుతున్నాడు, వాళ్ల నాన్న పాస్టరు. కులం వేరు, ప్రార్థన వేరు. బుల్లయ్య ఒప్పుకోడని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అందుకని వాళ్లు ఎవరినీ అడగలేదు. గుంటూరులో రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. నస్రత్ సాక్షి సంతకం పెట్టింది.

ఆ మర్నాడు శివపార్వతి అన్న నాగేంద్రబాబు బుడాన్ ఇంటిముందు బండి ఆపి, వీధంతా వినేట్టు అరిచాడు. "మా చెల్లెలు ఎక్కడికి పోయిందో మీ పిల్లకు తెలుసు, బయటికి పిలువు" అన్నాడు. ఇంకా చాలా మాటలన్నాడు. బుడాన్ కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి, "మా పిల్లకేం తెలియదయ్యా" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు. తెర వెనక నిలబడ్డ నస్రత్‌కి తెలుసు. బండి చప్పుడు వీధి దాటేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

బుల్లయ్య మాత్రం అరవలేదు. నాకు కూతురు లేదని ఒక్కమాట అన్నాడు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ శివపార్వతి పేరెత్తలేదు.

శివపార్వతి, ఇమ్మానియేలు మార్కాపురం పోయారు. అతనికి మొదట ప్రైవేటు స్కూల్లో, తర్వాత గవర్నమెంటు స్కూల్లో ఉద్యోగం దొరికింది. వాళ్లకు ఒక కూతురు పుట్టింది. పేరు కెజియా. ఊరివాళ్లంతా ఉన్న ఆర్కుట్‌లోకి శివపార్వతి అడుగుపెట్టలేదు. చిన్న సైట్‌లో 'పారు ఇమ్మానియేలు' అని పేరు పెట్టుకుని, నమ్మకమైన నలుగురికే తలుపు తీసింది. కెజియా మొదటి పన్ను, మొదటి యూనిఫాం, పుట్టినరోజు కేకు, అన్నీ నస్రత్ అందులోనే చూసింది.

ఆర్కుట్‌లో నాగేంద్రబాబు కూడా నస్రత్ ఫ్రెండే. అంతకు ముందు సంవత్సరం అతనే రిక్వెస్టు పంపాడు. కాదంటే అనుమానపడతాడని ఆమె ఒప్పుకుంది. అంతే, ఒక్క మాటా రాసుకున్నది లేదు. ప్రత్తిపాడులో ఎరువుల కొట్టు పెట్టాడని, కొట్లో కంప్యూటర్ ఉందని అతని ఫోటోల్లో చూసి తెలుసుకుంది.

ఇలా ఒక చేతిలో అన్న, ఇంకో చేతిలో చెల్లెలు. రెండు చేతులూ కలవకుండా నస్రత్ జాగ్రత్తగానే ఉంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం 'మేట్‌మేళా' అనే కొత్త సైట్ నుంచి ఆమెకు మెయిల్ వచ్చింది. మీ స్నేహితులు ఒక్కో సైట్‌లో ఒక్కొక్కరు ఉన్నారా, అందరినీ ఒకేచోటికి తెచ్చి పెడతాం అని దాని సారాంశం. నస్రత్‌కి నచ్చింది. రెండు పాస్‌వర్డ్‌లు, రెండుసార్లు లాగిన్‌లు ఎందుకు, ఒక్క పేజీలో అందరి ముఖాలూ కనిపిస్తే హాయిగా ఉంటుంది కదా అనుకుంది. ఆర్కుట్ వివరాలు ఇచ్చింది. చిన్న సైట్ వివరాలు ఇచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఏదో చాలా రాసి ఉంది. చదవబోతుంటే మూడో కంప్యూటర్ దగ్గర నుంచి ఒకమ్మాయి, "మేడమ్, ప్రింట్ రావట్లేదు" అని పిలిచింది. నస్రత్ లేస్తూ లేస్తూ, చివరన ఉన్న బటన్ నొక్కేసింది.

తిరిగొచ్చేసరికి పేజీ నిండా ముఖాలు. నాగేంద్రబాబు మీసాల ఫోటో కింద వరసలో శివపార్వతి, ఒడిలో కెజియా. ఆ ఇద్దరినీ అలా దగ్గర దగ్గరగా చూడటం ఆమెకు తమాషాగా అనిపించింది. ఇది నా పేజీ, నాకొక్కదానికే కనిపిస్తుంది అనుకుంది. చాలా బాగుందని మాలిక్‌ని కూడా పిలిచి చూపించింది.

"ఇదంతా వాళ్లకెట్లా తెలిసింది?" అన్నాడు మాలిక్.

"నేనే పాస్‌వర్డ్ ఇచ్చా."

"వేరేవాళ్లకి పాస్‌వర్డ్ ఇవ్వొద్దని గోడమీద రాసి అంటించింది నువ్వే కదా" అన్నాడు అతను నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్ గారు ఫోన్ చేశారు. "ఏమ్మా నస్రత్, నన్ను ఫ్రెండ్‌గా చేసుకుంటానని మెయిల్ పెట్టావు, చాలా సంతోషం" అన్నారు. ఆమెకు అర్థం కాలేదు. తర్వాత ఇంటి ఓనరు మేడెక్కి వచ్చి, ఏదో మేళాకి పిలిచారట, ఎప్పుడు, ఎక్కడ అని అడిగాడు. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. కూర్చుని, నిన్న చదవని చిన్న అక్షరాలు చదివింది. మీ మెయిల్లో ఉన్నవాళ్లందరికీ మీ పేరుతో పిలుపులు పంపుతామని, ఒకచోట ఉన్న స్నేహితులను ఇంకోచోట ఉన్న స్నేహితులకు చూపిస్తామని, 'మీకు వీరు తెలిసి ఉండవచ్చు' అంటూ ఫోటోతో సహా అందరికీ మెయిల్ పంపుతామని స్పష్టంగానే రాసి ఉంది.

వెంటనే శివపార్వతికి ఫోన్ చేయాలని లేచింది. అప్పుడే కింద నుంచి మాలిక్ గొంతు వినిపించింది.

"నస్రత్, మీ ఊరాయన వచ్చాడు. పైకి పంపిస్తున్నా."

మెట్లమీద బరువైన అడుగులు. నాగేంద్రబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిరపకాయల యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కాకి ఎర్రటి దుమ్ము పట్టి ఉంది. అతని వెనకే ఘాటు లోపలికి వచ్చింది. చివరి కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడు తుమ్మాడు.

"ఏమ్మా నస్రత్, బాగున్నావా?"

"బాగున్నానన్నా. కూర్చో."

అతను కూర్చోలేదు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. తన కొట్లోనే ప్రింటు తీసినట్టున్నాడు. దానిమీద గోరంత ఫోటో, మసక మసకగా ఉంది. అయినా ఎవరో తెలుస్తూనే ఉంది.

"ఇది మా పార్వతి కదా."

అబద్ధం చెప్పడానికి లేదు. "అవునన్నా" అంది నస్రత్. మాలిక్ కూడా మేడెక్కి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎక్కడుంది?"

"చెప్పలేనన్నా."

"చెప్పలేవా, తెలియదా?"

"తెలుసు. చెప్పను. ఆ ఫోటో నీ దాకా రావడమే నా తప్పు. దాన్ని అడక్కుండా నేను చేసిన పని. ఊరు కూడా చెప్పి ఇంకో తప్పు చేయలేను. నువ్వు అరిచినా సరే."

నాగేంద్రబాబు ఆమె వైపు చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితాన్ని మోకాలిమీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.

"అరవడానికి రాలేదమ్మా. ఆ రోజు మీ నాన్నను అనకూడని మాటలన్నా. ఆయన ఇప్పటికీ రోడ్డుమీద కనిపిస్తే నేనే తల దించుకుని పోతన్నా." కాగితంమీది ఫోటో వైపు చూశాడు. "ఊరు చెప్పొద్దులే. బాగుందా? అది చెప్పు చాలు."

"బాగుంది."

"ఈ పిల్ల?"

నస్రత్ ఆలోచించింది. ఇది చెప్పొచ్చా, చెప్పకూడదా. కానీ ఆ మనిషి ముఖం చూస్తే నోరు మూసుకుని ఉండటం ఆమె వల్ల కాలేదు.

"దాని కూతురు. ఒకటో తరగతి చదువుతోంది."

"మా అమ్మ ముక్కే వచ్చింది" అన్నాడు నాగేంద్రబాబు. "పోయినేడు పత్తి ఏరేటప్పుడు నాన్న చేలో పడిపోయాడమ్మా. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. మత్తు దిగేటప్పుడు పార్వతీ, పార్వతీ అని పిలిచాడు. నేనూ అమ్మా ఇద్దరం విన్నాం. పూర్తిగా మెలకువొచ్చాక ఏం అననట్టే ఉన్నాడు. మేం కూడా ఏం విననట్టే ఉన్నాం. అప్పట్నుంచి వెతుకుతన్నా. ఆర్కుట్‌లో చేరింది కూడా అందుకే. నువ్వు ఫ్రెండ్‌గా ఒప్పుకుంటే, నీ వాళ్లలో ఎక్కడన్నా కనిపిస్తుందేమోనని."

ఆర్కుట్‌లో అతని రిక్వెస్టు వచ్చిన రోజు నస్రత్‌కి గుర్తొచ్చింది. తను అతన్ని ఎందుకు ఒప్పుకుందో, అతను ఎందుకు అడిగాడో, రెండూ ఒక్కరి గురించే.

"ఈ ఫోటో పెద్దది చేసి ఒకటి ఇస్తావా? అమ్మకి చూపిద్దామని."

"అది కూడా దాన్ని అడిగే ఇస్తానన్నా. ఏమనుకోకు."

అతను ఏమీ అనుకోలేదు. మాలిక్ టీ తెప్పించాడు. ముగ్గురూ తాగారు. లేచేటప్పుడు నాగేంద్రబాబు ఒక కాగితంమీద తన సెల్ నంబరు రాసి కీబోర్డు కింద పెట్టాడు. "మాట్లాడాలనిపిస్తే మాట్లాడమను. లేదంటే లేదు" అని మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమే నస్రత్ మార్కాపురం ఫోన్ చేసింది. ఏదీ దాచలేదు. మేళా గురించి, పాస్‌వర్డ్ గురించి, చదవకుండా నొక్కిన బటన్ గురించి చెప్పి, చివర్లో మీ అన్న వచ్చాడంది.

"ఇన్నేళ్లూ నేను నక్కి నక్కి బతికానే" అంది శివపార్వతి. "నువ్వు నీ చేత్తో నా ఇంటి తలుపు తీసిపెట్టావు."

"ఊరు చెప్పలేదే."

"ముఖం చూపించావుగా. నా కూతురి ముఖం కూడా చూపించావు."

"అరవలేదు పారూ. అతను..."

"ఇప్పుడు వాడి గురించి చెప్పొద్దు." ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి చిన్న సైట్‌లో పారు ఇమ్మానియేలు పేజీ లేదు. కెజియా పన్ను లేదు, యూనిఫాం లేదు. ఆ పేరు ఉండాల్సినచోట బూడిదరంగు బొమ్మ ఒకటి మిగిలింది. నస్రత్ దాన్ని చూస్తూ కూర్చుంది. కోచింగ్ పిల్లలు పిలిచినా పలకలేదు. మాలిక్ ఆ రోజుకి కింద షాపు మూసి, పైకొచ్చి ప్రింట్లు తనే తీసిచ్చాడు.

మేట్‌మేళాలో అకౌంట్ తీసేయాలంటే కారణం రాయమంది. 'మీరు మమ్మల్ని సరిగ్గా అడగలేదు' అని రాసింది. దానికి జవాబు రాలేదు. తర్వాత చిన్న సైట్‌లో ఉన్న మిగతా నలుగురికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మీ పేర్లు మీరు అనుకోనివాళ్లకి వెళ్లి ఉంటాయి, నా పొరపాటు అని చెప్పింది. ముగ్గురు పర్లేదన్నారు. ఒకామె మాత్రం గట్టిగానే చీవాట్లు పెట్టింది. నస్రత్ తిన్నది. చెప్పాక కొంచెం తేలికపడింది గానీ, శివపార్వతి నంబరు చూసినప్పుడల్లా మనసు ముడుచుకునేది. ఫోన్ చేయలేదు. చెప్పాల్సిన మాట చెప్పేసింది. ఇక అవతలివాళ్ల ఇష్టం.

ఒక వారం దాటాక ఒక మధ్యాహ్నం శివపార్వతే ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు.

"వాడు ఏమన్నాడో మొత్తం చెప్పు. నువ్వు కలపొద్దు, తీయొద్దు."

నస్రత్ చెప్పింది. కాగితంమీద ఫోటో, అమ్మ ముక్కు, చేలో పడటం, మత్తులో పిలిచిన పేరు. అంతా విన్నాక శివపార్వతి, "ఎడమ తుంటా, కుడి తుంటా?" అంది.

"అడగలేదే."

"ఇప్పుడు నడుస్తున్నాడా?"

"అదీ అడగలేదు."

"ఏం అడిగావే మరి" అంది శివపార్వతి. ఆ గొంతు విన్నాక, బస్సులో కిటికీ పక్క సీటు కోసం తనతో పోట్లాడిన పిల్ల తిరిగొచ్చినట్టనిపించి నస్రత్‌కి కళ్లు చెమర్చాయి.

వాళ్లిద్దరూ ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇమ్మానియేలు ఏమంటాడని నస్రత్ అడిగింది. "ఆయన మొదటిరోజే చెప్పాడు, నీకు వెళ్లాలని ఉంటే నేను బస్టాండు దాకా కాదు, ఊరి దాకా వస్తానని. నాకే కోపం తగ్గలా. నీ మీద సగం, వాళ్ల మీద సగం" అంది శివపార్వతి. చివరికి ఒక మాటకొచ్చారు. ముందు నస్రత్ ఇంట్లో కలవాలి. నాగేంద్రబాబు ఒక్కడే రావాలి. అమ్మకిగానీ, నాన్నకిగానీ అంతవరకు చెప్పకూడదు.

నస్రత్ కీబోర్డు కింది కాగితం తీసి నాగేంద్రబాబుకి ఫోన్ చేసి అదే మాట చెప్పింది. అతను "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేముందు, "ఒక్కణ్ణే వస్తాలే" అన్నాడు.

మార్చిలో ఒక శనివారం వాళ్లు వచ్చారు. మార్కాపురం బస్సు దిగి, ఆటోలో నాలుగో లైనుకి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. శివపార్వతి కొంచెం లావయింది. జడ మాత్రం అంతే పొడుగు. మెట్లెక్కి రాగానే నస్రత్‌ని వీపుమీద ఒక్కటి చరిచింది. తర్వాత వాటేసుకుంది. కెజియా ఇదంతా చూసి, "అమ్మా, ఈమేనా పాస్‌వర్డ్ ఆంటీ?" అని అడిగింది.

ఇమ్మానియేలు పైకి రాలేదు. "అన్నాచెల్లెళ్లు ముందు మాట్లాడుకోనీ, నేను కిందే ఉంటా" అని మాలిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, స్పైరల్ బైండింగ్ ఎలా చేస్తారో అడుగుతున్నాడు.

నాగేంద్రబాబు వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, చేతిలో పాలిథిన్ సంచి నిండా జామకాయలు. గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. శివపార్వతి లేచి నిలబడింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"జుట్టు ఊడిపోయిందేంట్రా" అంది చివరికి శివపార్వతి.

"యూరియా అమ్ముకుంటే ఇంతే" అన్నాడు నాగేంద్రబాబు. అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. శివపార్వతి వెళ్లి అతని భుజంమీద చెయ్యి వేసింది. నస్రత్ కెజియాని తీసుకుని వంటగదిలోకి పోయి, జామకాయ కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చింది.

కొంతసేపటికి నాగేంద్రబాబు వంటగది గుమ్మంలోకి వచ్చాడు. నస్రత్‌ని పక్కకి రమ్మని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్కణ్ణే వస్తానన్నా. ఒక్కణ్ణే వచ్చా. మాట తప్పలేదు. కానీ నాన్నకి ఎట్లానో అర్థమైంది. ఈ చొక్కా ఎందుకేశావ్ అన్నాడు. ఇంకేం అడగలా. బండెక్కి వెనక కూర్చున్నాడు. దిగమంటే దిగలా. సందు మొదట్లో టీకొట్టు దగ్గర దింపా. తను పిలిస్తే వస్తా, లేకపోతే టీ తాగి వెళ్లిపోదాం అన్నాడు. నువ్వు పార్వతినడుగు. నేనడిగితే బలవంతం పెట్టినట్టుంటుంది."

నస్రత్ ముందుగదిలోకి వెళ్లింది. శివపార్వతి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నస్రత్ ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీ నాన్న టీకొట్టు దగ్గరున్నాడు. పిలిస్తే వస్తాడట. వద్దంటే వెళ్లిపోతాడట. నువ్వు ఏది చెబితే అది నేను వెళ్లి చెప్పి వస్తా. నాకేదైనా ఒకటే."

శివపార్వతి లేచి వరండాలోకి వెళ్లింది. అక్కడ నుంచి సందు మొదలు కనిపిస్తుంది. టీకొట్టు బల్లమీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. టీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగడం లేదు. అటూ ఇటూ చూడటం లేదు. పిలుపు వచ్చేదాకా ఇటు చూడకూడదని ఎవరో చెప్పినట్టు, ఎదురుగా ఉన్న గోడనే చూస్తున్నాడు.

"ఈ మెట్లు ఎక్కలేడు" అంది శివపార్వతి. "నేనే పోతా."

కెజియా చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. జిరాక్స్ షాపు ముందు ఇమ్మానియేలు లేచాడు. "నేనూ రానా?" అని అడిగాడు.

"నువ్వుండు. పిలుస్తా."

నస్రత్, నాగేంద్రబాబు వరండాలో నిలబడి చూశారు. మాటలు వినిపించేంత దగ్గర కాదు. శివపార్వతి దగ్గరికి వెళ్లేసరికి బుల్లయ్య కర్ర సాయంతో లేవబోయాడు. ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన భుజంమీది తువాలు తీసి బల్లమీద దుమ్ము దులిపాడు. ఆమె ఆ జాగాలో కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బస్సు కోసం కూర్చున్నవాళ్లలా రోడ్డువైపు చూస్తూ కూర్చున్నారు. కెజియా తల్లి వెనక దాక్కుని, ఆయన చేతికర్రని మాత్రం పట్టి పట్టి చూస్తోంది. కొంతసేపటికి ఆయనే ఆ కర్ర పిల్లకిచ్చాడు. ఆ పిల్ల కర్ర పట్టుకుని కుంటుతూ టీకొట్టు ముందు అటూ ఇటూ నడిచింది. బుల్లయ్య భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో పై నుంచి తెలియలేదు.

"తాతనే వెక్కిరిస్తంది" అన్నాడు నాగేంద్రబాబు. కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత శివపార్వతి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఇమ్మానియేలు చొక్కా సర్దుకుని బయల్దేరాడు. అతను చేరేసరికి బుల్లయ్య బల్లమీద ఒక పక్కకి జరిగాడు. అతనికి చోటిచ్చాడు. టీకొట్టువాణ్ణి పిలిచి, ఇంకా టీలు చెప్పినట్టున్నాడు.

ఆ సాయంత్రం వాళ్లంతా వెళ్లేముందు శివపార్వతి నెట్ సెంటర్‌లో కూర్చుని, కెజియా ఫోటో ఒకటి తనే ఎంచి, పెద్దది చేయించి, ప్రింటు తీయించింది. దాన్ని అన్న చేతికిచ్చి, "అమ్మకి ఇవ్వు. వచ్చే నెల్లో నేనే వస్తానని చెప్పు" అంది.

ఇమ్మానియేలు విషయం అంత తొందరగా తేలలేదు. ఊళ్లో కొందరు నొసలు చిట్లించారు. బుల్లయ్య తమ్ముడు రెండు మాటలు కూడా అన్నాడు. బుల్లయ్య వాటికి జవాబివ్వలేదు. ఒకరోజు నాగేంద్రబాబుని పిలిచి, అతని సెల్‌లో ఇమ్మానియేలు నంబరు కలిపి ఇమ్మన్నాడు. అల్లుడా అనాలో, బాబూ అనాలో ఆయనకు తోచలేదు. "మాస్టారూ, మీకు ఆదివారం ప్రార్థన ఉంటుందిగా. రెండో శనివారం స్కూలు సెలవంట కదా. ఆ రోజు రండి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన అల్లుణ్ణి మాస్టారనే పిలిచాడు. ఇమ్మానియేలుకి కూడా అదే బాగుందనిపించింది.

ఆ రెండో శనివారం నస్రత్, మాలిక్ కూడా ప్రత్తిపాడు వెళ్లారు. నాగేంద్రబాబు ముందురోజే బుడాన్ ఇంటికి వెళ్లి, కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఏం మాట్లాడాడో ఏమో, వాళ్లిద్దరూ కలిసి సోడా తాగారని నస్రత్ అమ్మ అమీర్‌బీ చెప్పింది. మధ్యాహ్నం బుల్లయ్య ఇంట్లో భోజనాలు. శివపార్వతి తల్లి వెంకటరావమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తను తినకుండా వడ్డిస్తూనే ఉంది. నస్రత్ విస్తట్లో మూడోసారి గోంగూర వేసి, "నువ్వు తినాలమ్మా" అంది. ఎందుకో చెప్పలేదు.

ఎండ తగ్గాక అందరూ కల్లం దగ్గరికి వెళ్లారు. చేను పక్కన చదును చేసిన జాగాలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేలంతా ఎరుపు. కెజియా అంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు. పరుగెత్తబోయి, ఘాటుకి వరసగా తుమ్మింది. బుల్లయ్య భుజంమీది తువాలు తీసి ఆ పిల్ల ముక్కుకి కట్టాడు.

"నీ పేరేంటమ్మా మళ్లీ చెప్పు" అన్నాడు.

"కెజియా."

"కేజీయా? అంతేనా? మన ఇంట్లో అంతా బస్తాల లెక్కే."

"కేజీ కాదు తాతయ్యా, కెజియా" అంది ఆ పిల్ల తువాలు కిందికి లాగి, గట్టిగా, తన బడిలో టీచర్ చెప్పినట్టు విడదీసి.

ఆయన మళ్లీ తప్పు పలికాడు. ఆ పిల్ల మళ్లీ దిద్దింది. కల్లం గట్టుమీద శివపార్వతి, నస్రత్ పక్కపక్కన కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆ గొడవ వింటూ శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. చేలో చివరి కోత కూలీలు ఇంటికి బయల్దేరుతున్నారు. మాలిక్, ఇమ్మానియేలు నాగేంద్రబాబుతో కలిసి పట్టాలు మడుస్తున్నారు.

"కొత్త పేజీ తెరుద్దామనుకుంటున్నానే" అంది శివపార్వతి. "ఈసారి నా అసలు పేరుతో."

"ఎవరెవరిని చేర్చుకుంటావు?"

"చూద్దాం" అంది శివపార్వతి, ఒలిచిన గింజలు సగం నస్రత్ చేతిలో పోస్తూ.